అక్షరాలు వంకర పోని పలక

ఈ సంగతి జరిగిన నెలలోనే రాసి పెట్టుకోవాలని అనుకున్నాను. రాయలేకపోయినాను. అప్పుడు నేను కాగితం మీద నిలువుగా గీత గీస్తే అది నడుమ వంగినట్టు కనపడేది. రాసిన మాటకు మొదలు ఉండేది, చివర ఉండేది, మధ్య మాసిపోయేది. అంతకు ముందు ఏదీ రాయకపోవడానికి కారణం ఇంకొకటి. నాకు అక్షరాలు వచ్చిందే యాభై రెండేళ్లకు.

చిన్నప్పుడు నాయన నన్ను బడికి పంపలేదని అనుకుంటారేమో. పంపినాడు. నాలుగు నాళ్లు పోయినాను. ధర్మవరంలో మేముండే వీధిలో ఇంటింటికీ మగ్గం. నా వేళ్లు సన్నగా ఉండేవి. తెగిన పట్టుపోగును కండ్లు మూసుకుని ముడేస్తానని పేరు. అందుకని మా అవ్వ నన్ను రాట్నం ముందర కూర్చోబెట్టింది. "బడి యాడికీ పోదులే. మగ్గం నిలిస్తే కూడు నిలుస్తుంది" అనేది. నిజమే, బడి యాడికీ పోలేదు. నేనే పట్టుపోగు చుట్టిన కండెల బుట్ట చంకన పెట్టుకుని దాని ముందర నుంచి రోజూ పోయేదాన్ని. గోడ మీద నీలం రంగుతో ఏదో రాసి ఉండేది. నాకు చదవడం వచ్చేసరికి ఆ గోడ పడగొట్టి కొత్తది కట్టినారు. అక్కడ ఏం రాసి ఉండిందో ఇప్పటికీ తెలియదు.

పెళ్లయి పెనుకొండకు వచ్చినాను. పిల్లలు కొంచెం పెద్దయినాక ప్రార్థన మందిరానికి పోవడం అలవాటయింది. మా తోడికోడలు రాలేదు. ఇద్దరివీ ఒకే గోడ ఇండ్లు. గోడకు అటు పక్క ఆమె దేవుడి గూడు, ఇటు పక్క నా బైబిలు. చదవడం రాకపోయినా బైబిలు కొన్నాను. ఆదివారం అది చేతిలో లేకుండా పోతే చెప్పుల్లేకుండా పోయినట్టు ఉండేది. పాస్టరయ్య ఫలానా పుస్తకం, ఫలానా అధ్యాయం అనగానే ఆడవాళ్లందరూ గలగలా కాగితాలు తిప్పేవాళ్లు. నేనూ తిప్పేదాన్ని. పక్కామె ఎంత మందాన తెరిచిందో చూసి నాదీ అంత మందాన తెరిచి, కొంగు తల మీదికి లాక్కుని, కండ్లు దించి కూర్చునేదాన్ని.

ఇట్లా ఎన్నో ఏండ్లు నడిచింది. చివరికి పాస్టరమ్మ కనిపెట్టింది. నలుగురిలో ఏమీ అనలేదు. మందిరం ఖాళీ అయినాక దగ్గరికి వచ్చి, "రేపు సాయంత్రం నుంచి మా అరుగు మీదికి రా. పలక నేను తెస్తా" అనింది.

ఏడాదిన్నర పట్టింది. నా అంతట నేను మొదట చదివిన మాట బైబిలులోది కాదు. బస్సు అద్దం మీది ఊరి పేరు, తలుపుల. ఆ ఊళ్లో నాకు పనే లేదు. అయినా ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తా నిలబడినాను. తర్వాత ధర్మవరం పోయినప్పుడు మగ్గాల కింద పడిన పట్టుపోగుల తుంపులు ఏరుకొచ్చి బైబిలులో గుర్తులుగా అతికించినాను. ఎర్రది కీర్తనలకు, ఆకుపచ్చది సువార్తలకు, పసుపుది సామెతలకు. ఇంగ ఎవరి పుస్తకం మందమూ చూసే పని లేదు.

మూడేళ్లు చదువుకున్నాను. మూడేళ్లంటే మూడేళ్లే.

ఒక పొద్దున ఎర్రపోగు దగ్గర తెరిస్తే అక్షరాల నడుమ బూడిద పడినట్టు ఉండింది. ఊదినాను. పోలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడిచినాను. పోలేదు. కాగితం తిప్పితే ఆ బూడిద తర్వాతి కాగితం మీదికీ వచ్చింది. నేను యాడ చూస్తే ఆడికి వస్తాండాది.

నాకు సుగరు జబ్బు ఉంది. పెనుకొండలో కండ్ల క్యాంపు పెట్టినప్పుడు చూపించుకుంటే పుట్టపర్తిలో పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. పోయినాను. కండ్లలో చుక్కలు వేసి, కంటి లోపల ఫోటోలు తీసినారు. డాక్టరమ్మ చిన్న వయసామె, మెత్తగా మాట్లాడింది. "కంటి వెనక పొరలో నీరు ఊరుతోందమ్మా, సుగరు వల్ల. కంట్లో సూదిమందు వేస్తే తగ్గే అవకాశం ఉంది. నెల లోపల రండి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రావడం కష్టం." సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చినారు. ఇంట్లో అడిగి వస్తానని చెప్పి, కాగితం అక్కడే ఇడిచి వచ్చేసినాను.

సూది అంటే భయపడే మనిషిని కాను. రోజూ పొట్టలో ఇన్సులిన్ సూది నేనే పొడుచుకుంటాను. కానీ ఇది కంట్లో. కన్ను తెరిచి పెట్టుకుని, ఎదురుగా వచ్చే సూదిని ఆ కంటితోనే చూస్తా పడుకోవాలని నాకు నేనే ఊహించుకున్నాను. బస్సులో కూర్చుంటే అదే. అన్నం కలిపితే అదే.

ఇంటికి రాగానే మా తోడికోడలు గోడ మీది నుంచి తల పెట్టి అడిగింది.

"ఏం చెప్పిరే?"

"అద్దాలు మార్చాలంటక్కా."

"అంతే గదా. ముఖం చూస్తే గుడ్డిదానివైనట్టు వస్తాండావు."

ఊరికే అనింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మా ఇంటాయన హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఆదివారమే వస్తాడు. ఆయనకూ అద్దాల మాటే చెప్పినాను. తనకల్లులో ఉన్న కూతురికి ఆ మాత్రమూ చెప్పలేదు.

నెల దాటింది. ఇంకో నెల సగమయింది. అప్పటికి నేను దొంగతనం బాగా నేర్చుకున్నాను. మందిరంలో నన్ను చదవమంటే పోగు పట్టుకుని చోటు తీసి, నోటికి వచ్చిన భాగమే అప్పజెప్పేదాన్ని. చదువు రాని రోజుల్లో విని విని పట్టుకున్నవి శానా ఉండినాయి. వేలు మాత్రం వరస మీద జరుపుతా ఉండేదాన్ని. అందరూ చదువుతాండాదనే అనుకునేవాళ్లు. పదిహేనేళ్లు రాని చదువు వచ్చినట్టు నటించినాను. మూడేళ్లు నిజంగా చదివినాను. మళ్లీ నటన. ఇది నాకు సూది కన్నా ఎక్కువ భయం. ఈమెకు ఎప్పుడూ చదువు రాలేదు, మొదటి నుంచీ ఇంతే అని జనం అనేస్తే నేను ఏం చూపించి కాదనాలి?

ఆ సమయంలో పాస్టరమ్మ నన్ను పిలిపించింది. మడకశిరలో వాళ్లమ్మకు తుంటి ఎముక విరిగిందంట. నెలన్నర అక్కడ ఉండాలంట.

"శనివారం స్త్రీల కూడికలో పాఠం నువ్వు చెప్పాల" అనింది.

"నేనా?"

"నువ్వే. నా అరుగు మీద నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే. వద్దంటే నా పరువు పోతుంది."

అని తన ట్యాబ్ తెచ్చి ముందర పెట్టింది. అందులో బైబిలు పాఠాల సాఫ్ట్‌వేర్ ఉంది. వచనం మీద వేలు పెడితే కింద అర్థం వస్తుంది. ఒక మాట మీద నొక్కితే ఆ మాట ఇంకా ఏయే పుస్తకాల్లో ఉందో అన్నీ వరసగా వస్తాయి. పాత తెలుగూ తేట తెలుగూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పాఠానికి మనం రాసుకున్నది అందులోనే దాచుకోవచ్చు. ఇవన్నీ చూపిస్తా పాస్టరమ్మ రెండు వేళ్లు తెర మీద పెట్టి దూరం జరిపింది. అక్షరాలు పెద్దవయినాయి. మళ్లీ జరిపింది. తెర నిండా మూడే మాటలు. ఒక్కో అక్షరం కండె అంత లావున ఉండింది.

అది చూసినాక నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ మూడు మాటలు ఏవో చదివి కూడా చూడకుండా, నాకు సూది వద్దు, ఇది చాలు అనుకున్నాను. అక్షరం పెద్దదైతే బూడిద ఏం చేస్తుంది?

"ఇట్లాంటిది నేనూ కొనుక్కుంటానమ్మా" అన్నాను. కండెలు చుట్టి దాచుకున్న దుడ్లు ఉండినాయి. పాస్టరమ్మ సంతోషపడి, పైకి చెబుతా చీటీ మీద పెద్దక్షరాలతో రాసిచ్చింది, అన్నీ తెలుగులోనే. ర్యామ్ నాలుగుకు తక్కువ వద్దు. స్టోరేజి అరవై నాలుగు. తెర పది అంగుళాలు. ఆండ్రాయిడ్ కొత్తది అయ్యుండాల. నెట్ లేకుండా కూడా తెరుచుకోవాల, మందిరం తావ సిగ్నల్ రాదు. అంగట్లోనే సాఫ్ట్‌వేర్ వేయించి, తెరిచి చూసి, అప్పుడు తీసుకో. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది. నాకు రెండూ వంకరగానే కనపడినాయి.

మొదట ధర్మవరం పోదామనుకున్నాను. పుట్టిన ఊరైతే అంగట్లో భయం తక్కువగా ఉంటుందని. మా తోడికోడలు నేనూ వస్తానని బయలుదేరింది.

"ఒక్కదానివే పోతే అంగడోడు నీకు బండరాయి అంటగడతాడు. అయినా ఈ వయసులో మల్ల పలక పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

"పట్టుకో. బలపం నేను కొనిస్తా" అని రైల్లో అందరికీ వినపడేట్టు నవ్వింది.

ధర్మవరం అంగట్లో ఒక నడివయసు మనిషి కూర్చోనుండినాడు. ఇద్దరినీ చూసి, "ఏం కావాలమ్మా, ఛార్జరా?" అన్నాడు.

"ట్యాబ్ కావాలప్పా."

"ఎవరికి, మనవళ్లకా?"

"నాకే. బైబిలు పాఠాలు చూసుకునేదానికి."

అతను ఒకటి తీసి ముందర పెట్టినాడు. నల్లగా, నున్నగా ఉండింది. నేను చీటీ తెరవలేదు. తెరిచినా చదవలేనని తెలుసు. పాస్టరమ్మ చెప్పింది నోటికే పెట్టుకున్నాను.

"ర్యామ్ ఎంత?"

అతను తలెత్తి చూసినాడు. మా తోడికోడలు మోచేత్తో నన్ను పొడిచింది. "చూస్తివా, మా చెల్లెలికి అన్నీ తెలుసు" అని అతనికి చెప్పింది. ర్యామ్ అంటే ఏమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"రెండమ్మా."

"నాలుగు ఉండాలంట."

"బైబిలుకు రెండు చాల్దా తల్లీ? దాంట్లో ఏమన్నా కార్ల రేసులు ఉంటాయా?"

మా తోడికోడలు ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అతను మంచివాడే. "వేసి చూపిస్తా, నువ్వే చూడు" అని అంగడి నెట్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించినాడు. చానా సేపు పట్టింది. అంతదాకా ఆ తెర మీద ఏదో సినిమా పాట ఆడుతా ఉండింది. ఆ పాట ఆగి, "ఇదిగో, బైబిలు తెరుస్తాండా" అని అతను అనగానే నా చెయ్యి దానంతట అదే కొంగును తల మీదికి లాగింది. అది చూసి మా తోడికోడలు గడప దాకా పోయి చెప్పులు ఇడిచి వచ్చింది.

"నీకెందుకక్కా?"

"ఎవురి దేవుడైతే ఏమి, దేవుడి పుస్తకం గదా. చెప్పులతో ఎట్లా?"

ఇంతకు ముందే సినిమా చిందులేసిన తెర ముందర ముసుగు వేసుకోవడం పాపమా, వేసుకోకపోవడం పాపమా అని నాకు ఒక భయం పట్టుకుంది. అంతలో అతను, "ఏది తెరవాల?" అని అడిగినాడు. నాకు బాగా వచ్చిన కీర్తన చెప్పినాను. అతను నొక్కి నా చేతికిచ్చినాడు.

చేతిలో తెల్లటి వెలుతురు. మధ్యలో ఎప్పటి బూడిద. అక్షరాలు దాని వెనకాల ఉంటాయిలే అనుకున్నాను. వేలు పెట్టి, పైనుంచి కిందికి జరుపుతా మొదలుపెట్టినాను. గొంతు బాగానే వచ్చింది. అంగట్లో ఫోను చూపించుకునేదానికి వచ్చిన ఇద్దరు మనుషులు మాట్లాడడం ఆపినారు. ఎక్కడా తడబడకుండా కీర్తన చివరిదాకా చదివి, తల ఎత్తినాను.

అంగడాయన నన్నే చూస్తాండాడు.

"అమ్మా, అది ఇంకా తెరుచుకోలేదు. ఊరికే తిరుగుతాండాది" అన్నాడు.

నేను కిందికి చూసినాను. తల పక్కకు తిప్పి, బూడిద ఒక పక్కకు జరిగేట్టు చూసినాను. తెర తెల్లగా ఉంది. ఒక అక్షరమూ లేదు. నడుమ చిన్న చక్రం తిరుగుతా ఉంది. ఆ పలకను కింద పడేస్తానేమోనని బల్ల మీద పెట్టేసినాను.

"నోటికొచ్చునులేప్పా" అన్నాను.

"బాగా చెప్పినావు తల్లీ. మా అంగట్లో ఇట్లాంటి మాటలు వినేదే లేదు" అన్నాడు. భక్తి అనుకున్నాడు పాపం. ఇంకా కాసేపు చూసి తనే ఒప్పుకున్నాడు. "మీకు చెప్పినోళ్లు సరిగానే చెప్పినారు. దీనికి నాలుగు కావాల. ఇది మోయలేదు. నా తావ లేదు గానీ హిందూపురంలో దొరుకుతుంది."

మా తోడికోడలు అంగట్లో ఏమీ అనలేదు. అదే నాకు దిగులు. ఆమె నోరు మూసుకుంది అంటే లోపల ఏదో నడుస్తాండాదని. తిరుగు రైల్లో శనక్కాయలు ఒలుస్తా కూర్చుంది. రెండు స్టేషన్లు దాటినాక పొట్టు బయటికి ఊది, నా వైపు తిరిగింది.

"ఆడ ఏమీ లేదు గదే. తెల్లగా ఉండె."

"నోటికొచ్చునక్కా."

"నాకూ స్వామి పాటలు నోటికొచ్చును. అయినా టీవీ ఆఫ్ అయ్యుంటే ఆఫ్ అయ్యుండాదని తెలుస్తుంది."

నేను కిటికీ వైపు తిరిగినాను. బయట కరెంటు స్తంభాలు ఒకటొకటిగా పోతా ఉండినాయి. ఒక్కటీ నేరుగా లేదు.

అది సోమవారం. శనివారం దగ్గరికి వస్తా ఉండింది. పాఠానికి పాస్టరమ్మ చెప్పి పోయిన అధ్యాయం నాకు నోటికి వచ్చినది కాదు. ఎప్పుడూ విననిది. తీసి చూస్తే బూడిద. భూతద్దం పెట్టి చూస్తే బూడిద. ఇంగ ఉండేది ఆ పలక ఒక్కటే.

గురువారం హిందూపురం పోయినాము. అక్కడ పెద్ద అంగడి. అమ్మేది ఒక ఆడమనిషి, కన్నడం కలిపిన తెలుగు. నేను ర్యామ్ నాలుగు అనే లోపలే మూడు తెచ్చి వరసగా పెట్టింది. పది అంగుళాలు, అరవై నాలుగు, అన్నీ సరిపోయినాయి. మొదటి దాంట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. రెప్ప వేసి తీసేలోపల తెరుచుకుంది. నెట్ ఆపి చూపించింది. అప్పుడూ తెరుచుకుంది. నేను కొంగు కప్పుకుని, రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసినాను. ఇంకా పెద్దవి. ఇంకా. తెర మీద ఒకే మాట నిలిచింది.

ఆ మాట అక్కడ ఉందని తెలుస్తాంది. ఏ మాటో తెలియడం లేదు. అంచులు ఉండాయి. నడుమ బూడిద ఉంది. అక్షరం పెరిగితే బూడిద కూడా దానికి తగ్గట్టు పెరిగింది. గీతలు నీళ్లలో పెట్టిన పుల్లల్లా వంకరపోయినాయి.

"ఇది వద్దమ్మా, ఇందులో అక్షరాలు వంకర పోతాండాయి" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయి చూసింది, తెర తుడిచింది. తర్వాత రెండోది తెరిచి ఇచ్చింది.

"ఇదీ అంతే."

మూడోది ఇచ్చింది. ఇది అందరూ తీసుకుపోయేదే, ఇంతవరకూ ఒక్క మాట రాలేదు అనింది. నేను చూసినాను.

"ఇదీ వంకరే."

ఆమె నొచ్చుకోలేదు. "చదివేది కష్టమైతే అమ్మా, ఇది తనే చదివి చెబుతుంది" అని ఏదో నొక్కింది. లోపల నుంచి ఒక ఆడగొంతు తెలుగులో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. బాగానే చదువుతాంది, మధ్యమధ్యలో విరుస్తా. చెవిలో వైరు పెట్టుకుని వినుకుంటా వెనకాలే చెప్పేస్తే శనివారం గడిచిపోతుంది. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినాక నాకు ఏడుపు వచ్చింది. వినడం నాకేమీ కొత్త కాదు. యాభై ఏండ్లు విన్నదాన్నే. చదవడమే కొత్త.

అంతవరకూ వెనకాల స్టూలు మీద కూర్చున్న మా తోడికోడలు లేచి వచ్చింది. ఈసారీ చెప్పులు గడప అవతలే ఉండాయి. మూడు పలకలూ ఒకటొకటిగా చేత్తో పట్టుకుని చూసింది.

"అమ్మణ్ణీ, వీటిలో అక్షరాలు ఎట్లుండాయి?" అని అమ్మే ఆమెను అడిగింది.

"చక్కగానే ఉండాయమ్మా."

"సరే" అని నా గడ్డం పట్టుకుని నా ముఖం వాకిలి వైపు తిప్పింది. "ఆ షట్టరు పక్కన కమ్మీ చూడు. నేరుగా ఉండాదా?"

చూసినాను. అబద్ధం చెప్పొచ్చు. అంత చిన్న అబద్ధానికి కూడా అప్పటికి నా తావ బలం లేదు.

"నడుమ వంగిండాది" అన్నాను.

"మూడు పలకలూ చెడిపోయె, ఆ షట్టరు గూడా చెడిపోయెనా?"

అమ్మే ఆమె నీళ్లు తెచ్చిచ్చి అవతలికి పోయింది. నేను తాగలేదు. పుట్టపర్తిలో చెప్పిందంతా అక్కడే, ఛార్జర్ల వైర్లు వేలాడే ఆ బల్ల ముందర చెప్పేసినాను. సూది అన్నాను. కంట్లో అన్నాను. నెలలోపల రమ్మన్నారు, రెండు నెలలు కావస్తాందని చెప్పినాను.

ఆమె ఓదారుస్తుందని అనుకున్నాను. తిట్టింది.

"సూదికి భయపడి అంగళ్లు తిరుగుతాండావా? నాకు అద్దాలని చెప్పి? దోసె నడుమ మాడేది తెలియడం లేదు, టీ గ్లాసు బయట పోస్తాండావు, నేను చూడలేదనుకుంటివా? దినమూ గోడ అవతల నుంచి మీ దేవుడు గుడ్డోళ్లకు కండ్లిచ్చినాడని నాకు చెప్తావే. మరి నీకు ఇస్తానంటే పారిపోతివేమి?"

"భయమక్కా."

"భయపడు. ఎవురు వద్దన్నారు? భయపడతానే పోదాం."

మూడింటిలో మొదటిదే తీసుకున్నాము. దాంట్లో తప్పేమీ లేదు. బస్టాండులో పెనుకొండ బస్సు కోసం నిలబడి, ఆమె పెట్టెను ఒడిలోని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. మా ఇంటి గడప దగ్గర నన్ను ఆపి, తన ఇంట్లో నుంచి పసుపు కుంకుమ తెచ్చింది.

"వద్దక్కా, అందులో బైబిలు ఉండాది."

"కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా ఎవురైనా ఇంట్లోకి తీసుకుపోతారా?"

కొంచెం సేపు ఇద్దరమూ గడప మీదే వాదులాడుకున్నాము. చివరికి అట్టపెట్టె మీద పెట్టించినాను. లోపలి దానికి ఒద్దన్నాను. ఆమె ఒప్పుకుంది. గూట్లో పట్టుపోగుల బైబిలు పక్కన దాన్ని పెట్టినాను. ఆ సాయంత్రం తెరవలేదు. తెరిస్తే మళ్లీ ఆ బూడిద కనపడుతుందని.

తెల్లవారి మొదటి బస్సుకే బయలుదేరినాము. ఎక్కే ముందు పాస్టరమ్మకు ఫోను చేసినాను. నాకు కండ్లు సరిగా కనపడడం లేదు, రెండు నెలలుగా మందిరంలో చూసి చదవలేదు, నోటికి వచ్చింది చెప్పి చదివినట్టు వేలు జరిపినాను, రేపు పాఠానికి ఇచ్చిన అధ్యాయం నాకు రాదు అని, ఎక్కడన్నా ఆగితే మళ్లీ చెప్పలేనని ఒక్క ఊపిరిలో చెప్పేసినాను. పాస్టరమ్మ అంతా వినింది. తర్వాత, "నోటికి వచ్చింది ఏదో అదే చెప్పు. ముందు ఆ సూది వేయించుకో" అనింది.

పుట్టపర్తిలో వరస పెద్దగా ఉండింది. డాక్టరమ్మ మళ్లీ ఫోటోలు తీయించి చూసి, ఆలస్యమయింది, అయినా వేద్దాం, ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడు చెప్పలేనని అనింది. మా తోడికోడలు పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా అదిమి పట్టింది.

నర్సమ్మ కాగితం తెచ్చి, ఇంకు దిమ్మె మూత తీస్తా అడిగింది.

"వేలిముద్రా, సంతకమా?"

"సంతకం" అన్నాను.

యాడ పెట్టాలో నాకు కనపడలేదు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని గీత మొదలు దగ్గర ఆనించింది. అక్కడి నుంచి నేనే రాసినాను, కండ్లు మూసుకుని. మూసుకుంటే బూడిద లేదు. నా పేరులో అక్షరాలన్నీ వచ్చినాయా అని మా తోడికోడలిని అడిగినాను.

"నాకేం తెలుసే, నాకు చదువొచ్చునా?" అనింది. తర్వాత కాగితం దగ్గరికి వంగి చూసి, "వరసగా ఉండాయి" అనింది.

నర్సమ్మ ఎడమ కంటి పైన గుర్తు పెట్టింది. నా కొంగు సర్ది, తలకు ఆకుపచ్చ గుడ్డ టోపీ తొడిగింది. తల మీద గుడ్డ ఉంది గదా, చాల్లే అనుకున్నాను. అద్దాలు తీసి మా తోడికోడలి చేతికిచ్చి, నర్సమ్మ మోచెయ్యి పట్టుకుని లోపలికి పోయినాను.